గోదావరికి వచ్చిన తలనొప్పి

నరసాపురం రేవుకి రెండు సందులు ఇవతల దీనమ్మ ఇంటి అరుగు ఉంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక లేసు అల్లే ఆడవాళ్ళంతా అక్కడికి చేరతారు. ఆ అరుగు మీద ఇన్నేళ్ళూ అల్లిన లేసు కొలిస్తే ఎంత ఉంటుందో ఎవరికీ తెలీదు గానీ, బుల్లెమ్మ కోసిన కోతలు కొలిస్తే మాత్రం ఇక్కణ్ణుంచి రాజమండ్రి దాకా పరిచి, మిగిలింది మడిచి ఇంటికి తెచ్చుకోవచ్చు. ఈ మాట దీనమ్మది. బుల్లెమ్మ కూడా కాదనలేదు. రాజమండ్రి దగ్గరే ఎందుకు ఆపావే అని మాత్రం నిలదీసింది.

ఆవేళ బుల్లెమ్మ నెత్తికి తువ్వాలు బిగించి కట్టి, దాని మీంచి కొంగు కప్పుకుని వచ్చి, స్తంభం పక్కన తన చోట్లో కూర్చుంది. ఎవరూ అడక్కుండానే, "తలంటుకున్నానర్రా, జుట్టు ఆరలేదు," అంది.

తలా అంటుకోలేదు, పాడూ లేదు. పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ ఎవరో తల చుట్టూ ఇనపపట్టీ వేసి మర బిగిస్తున్నట్టుంది. మెడ వెనకాల నరాలు పడవ తాళ్ళలా బిగుసుకుపోయాయి. తువ్వాలు కింద నుదుటి నిండా శొంఠి పట్టు ఉంది. ఖాళీ కడుపున మింగిన మాత్ర పనిచెయ్యలేదు, దాని మీద మింగిన ఇంకో మాత్రా పనిచెయ్యలేదు, మిగిలిన మాత్రల అట్ట బొడ్లో దోపుకునే ఉంది. ఇవాళ ఒక్కరోజా? ఈమధ్యంతా ఇదే వరస.

ఆ మాట అరుగు మీద ఎవరికీ తెలియకూడదు. ఎందుకంటే ఇవాళ కృపారాణి వస్తోంది.

కృపారాణి అంటే ఈ వీధికి దారం తెచ్చిచ్చి, అల్లిన లేసు పట్టుకెళ్ళే మనిషి. కొత్తగా పెద్ద దుప్పటికి ఆర్డరు తెచ్చింది. దుప్పటి ఒక్కళ్ళ వల్ల అయ్యే పని కాదు. తలో ముక్కా అల్లితే, అన్నిటినీ మధ్యలో ఓ పెద్ద పువ్వు చుట్టూ చేర్చి కలుపుతారు. దాన్ని నడిమి పువ్వంటారు. అది నేల మీద పెడితే పళ్ళెంలా చదునుగా పడుకోవాలి. అందులో నాలుగు వరసలు బిగిశాయంటే చుట్టూ ఎంత మంచి పనితనం ఉన్నా దుప్పటంతా ముడతలు పడిపోతుంది. అందుకే ఆ పువ్వు వీధిలో అందరికన్నా మంచి చేతికిస్తారు. ఆ చేయి ఇన్నేళ్ళుగా బుల్లెమ్మది.

అంతకుముందు ఆ పువ్వు వాళ్ళ అత్తగారిది. ముసలావిడకి చూపు తగ్గి, తలపోట్లొచ్చి, వరసలు తప్పుతుంటే ఓ రోజు ఇదే అరుగు మీద ఆవిడ చేతిలోంచి పువ్వు తీసుకుని, అంచులు అల్లమన్నారు. అంచులంటే కొత్తగా నేర్చుకునే పిల్లలకిచ్చే పని. మర్నాటి నుంచీ ఆవిడ అరుగెక్కలేదు. ఇంట్లోనే గోడవైపు తిరిగి కూర్చుని అల్లుకునేది. ఆ వీపు బుల్లెమ్మ ఇప్పటికీ మర్చిపోలేదు. తను మాత్రం చచ్చినా అలా గోడవైపు తిరగనని ఒట్టేసుకుంది.

స్కూటీ ఆపి కృపారాణి ఇంకా దారం సంచి దించకముందే, బుల్లెమ్మ కోడలు వీరదుర్గ మెడ రుద్దుకుంటూ, "అబ్బ, తల లాగేస్తోంది," అనేసింది.

బుల్లెమ్మ కోడలి వంక ఓ చూపు చూసింది. ఆ చూపుకి అన్నమైతే మాడిపోయేది.

"ఆ మాట ముందే చెప్పేయండమ్మా, నాకు మంచిది," అంది కృపారాణి అరుగంచున కూర్చుంటూ. "పోయినసారి వేరే ఊళ్ళో నడిమి పువ్వు అల్లినావిడ తలనొప్పితోనే అల్లింది. మెడ పట్టేస్తే వేళ్ళూ పట్టేస్తాయి కదండీ, దారం లాగి బిగించేసింది. దుప్పటంతా వెనక్కొచ్చింది. తలనొప్పులున్న వాళ్ళకి ఈసారి అంచులే ఇస్తాను. తప్పేం లేదు, పని పనే." అంటూ చుట్టూ చూసిన ఆమె చూపు వచ్చి వచ్చి తువ్వాలు దగ్గర ఆగింది. "బుల్లెమ్మగారూ, ఏంటండీ ఆ కట్టు?"

"తలంటుకున్నాను."

"తలనొప్పేం కాదు కదా?"

"తలనొప్పా? నాకా?" బుల్లెమ్మ నవ్వింది. నవ్వితే కణతలు అదిరాయి. అయినా నవ్వు ఆపలేదు. "ఏమ్మా కృపారాణీ, నేనెవరనుకున్నావు? తలనొప్పులు నా పేరు వింటే ఈ ఒడ్డున ఉండవు, పంటెక్కి గోదారి దాటి సఖినేటిపల్లి పారిపోతాయి. ఈ జిల్లాలో తలనొప్పికి వైద్యం ఎవరు చేస్తారో కనుక్కో ముందు!"

"మొదలెట్టిందమ్మా," అంది దీనమ్మ.

బుల్లెమ్మ ఒళ్ళో మచ్చు పువ్వుంది. కృపారాణికి చూపించడానికి ఆఖరి వరసలు అల్లుతోంది. కొక్కెం సూది ఆడిస్తూనే మాట అందుకుంది.

"మన లాజరన్నయ్య లేడూ, ఈ దీనమ్మ మొగుడు, రేవులో పంటు టిక్కెట్లు కోస్తాడే. పొద్దుట్నుంచీ మెడ వంచి టిక్కెట్లు చించడం, చిల్లర ఏరడం, కాస్త ఖాళీ దొరికితే ఆ ఫోనులోకి వంగడం. అన్నం ఏ వేళకి తింటాడో ఆయనకే తెలీదు. సాయంత్రానికి తల పట్టుకుని కూర్చునేవాడు. ఓ రోజు నేను కూర్చోబెట్టి మెడ వెనక వేణ్ణీళ్ళ గుడ్డ వేసి, బొటనవేళ్ళతో ఇలా భుజాల దాకా నొక్కి, 'అన్నయ్యా, పంటు ఒడ్డుకి కొట్టినప్పుడల్లా ఓసారి తలెత్తి కొబ్బరిచెట్టు మొవ్వు చూడు, భుజాలు వెనక్కి తిప్పు, మంచినీళ్ళు తాగు, వేళకింత తిను, వేళకి పడుకో' అన్నాను. తగ్గిందా లేదా దీనమ్మా? మీ యేసుప్రభువు మీద ఆన, నిజం చెప్పు."

"తగ్గింది," అంది దీనమ్మ. "ఆ ఒక్కటీ నిజమేనమ్మా. పూర్తిగా పోలేదు గానీ మునుపట్లా లేదు."

అక్కడితో ఆపేస్తే బాగుండేది. నిజం అక్కడిదాకానే ఉంది, అది చిన్నదైనా గట్టిదే. కానీ కృపారాణి చూపు ఇంకా తువ్వాలు మీద నుంచి కదల్లేదు. ఆ చూపుని మళ్ళించాలంటే లాజరు ఒక్కడూ చాలడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అంది బుల్లెమ్మ. "నేను అటు పని ఉండి పంటెక్కాను. పంటు నిండా పెళ్ళివారు. మూడు పూటలు నిద్రల్లేక, బ్యాండు మేళం హోరుకి, వియ్యంకుల గొడవలకి ఒక్కొక్కళ్ళ మొహం వడిలిన తోటకూరలా ఉంది. లాజరన్నయ్య ఊరుకోకుండా, 'మా బుల్లెమ్మ చేతిలో మందుంది' అనేశాడు. ఇంకేముంది, పెళ్ళికొడుకుతో సహా నా ముందు వరస కట్టేశారు. నేను ఒక్కొక్కళ్ళ కణతలు పట్టుకుని, నొప్పిని ఇలా దారం కొస లాగినట్టు బయటికి లాగి, గోనెసంచిలో వేశాను."

"సంచిలోనా!" అంది వీరదుర్గ.

"మరి ఎక్కడ వెయ్యమంటావు, నీ ఒళ్ళోనా? సంచి నిండేసరికి పంటు ఓ పక్కకి ఒరిగిపోయింది. పంటు నడిపే సరంగు కేకలు పెడుతున్నాడు, 'ఏమ్మా, ఏం ఎక్కించావు' అని. ఎవరి నొప్పి వాళ్ళ తలలో ఉన్నంతసేపూ బరువు తెలీదర్రా. ఒక్కచోట చేరిస్తే తెలుస్తుంది."

"గోదాట్లో పారేయకపోయావా?" అంది దీనమ్మ.

"పులసలకి పట్టుకోదూ? తలపోటొచ్చిన పులస ఎవరు కొంటారే?"

"నేను కొంటాను. తలకాయ తీసేసి పులుసు పెట్టుకుంటాను."

అరుగంతా ఘొల్లుమంది. కృపారాణి కూడా నవ్వింది. బుల్లెమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఇనపపట్టీ మర మాత్రం ఇంకో చుట్టు బిగిసింది. ఆమె తెలియకుండానే దారాన్ని వేలికి ఇంకో చుట్టు చుట్టుకుని లాగింది.

"ఆ సంచి రైలెక్కించి పంపించేద్దామని స్టేషనుకి మోసుకుపోయాను. అక్కడ చూద్దును కదా, ఇంజనే తల పట్టుకుని కూర్చుంది! 'ఏంటయ్యా నీ బాధ' అన్నాను. 'ఏం చెప్పమంటారండీ, పట్టాలు మీ నరసాపురంతో ఆఖరు. ముందుకి పోవడానికి లేదు. వచ్చిన దారినే మళ్ళీ పాలకొల్లు, భీమవరం. రోజూ ఇదే ఆలోచన. నా బతుకింతేనా అని తల దిమ్మెక్కిపోతోందండీ' అంది. ఊరికే ఆలోచిస్తే రాదూ మరి తలనొప్పి! దానికి మెడ వెనక గోరువెచ్చగా నువ్వులనూనె రాసి, 'ఊపిరి నిదానంగా తీసి వదలవయ్యా' అన్నాను. వదిలింది. ఆ ఊపిరికి స్టేషన్లో ఉన్న బెంచీలన్నీ అటు తిరిగిపోయాయి. ఆనక కరెంటు అక్కర్లేకుండా భీమవరం దాకా పాడుకుంటూ వెళ్ళిపోయింది."

"మరి సంచో?"

"హైదరాబాదులో దింపేసిందట. అక్కడ ఎవర్ని కదిపినా తలనొప్పి అనడం లేదూ? అందులో ఉన్నవన్నీ మనవాళ్ళవే."

కృపారాణి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. రేవులో పంటు కూసింది. బుల్లెమ్మకి ఆ కూత చెవిలో నుంచి కాదు, కణతలోంచి లోపలికి దిగింది. కళ్ళ ముందు వరసలు ఒకదాంట్లోకి ఒకటి దూరిపోతున్నాయి. ఇదివరకు చీకట్లో అల్లినా తప్పని వరసలు. ఆమె పువ్వుని మొహానికి దగ్గరగా తీసుకుని, ఇంకా మెడ వంచి, పళ్ళు బిగించి సూది దించింది. ఏయ్ తలనొప్పీ, నువ్వో నేనో తేల్చుకుందాం అనుకుంది. వీరదుర్గ అటే చూస్తోందని గమనించి గొంతు పెంచింది.

"రైలు నోరు ఊరుకుంటుందా, ఊరూరా కూసేసింది. ఆ రాత్రి అంతర్వేది లైటుహౌసు నన్ను పిలిచింది."

"ఫోన్ చేసిందేమో," అంది దీనమ్మ.

"కన్ను కొట్టింది! మా పెరట్లో కూర్చుంటే మొహం మీద వెలుగు పడింది. ఏదో ఆపద అనుకుని అప్పటికప్పుడు నడిచి వెళ్ళాను."

"గోదారి మీదా?"

"గోదారి మీద కాదు, అడుగున. పైన నడిస్తే ఎవరైనా చూసి గొప్పలు పోతున్నాననుకోరూ? సరే, వెళ్ళి, 'ఏం నాయనా, నిద్ర ఎప్పుడు పోయావు' అని అడిగాను. 'కట్టిన దగ్గర్నుంచీ కన్ను మూయలేదు పిన్నీ' అంది పాపం. నా కడుపు తరుక్కుపోయింది. నిద్ర లేని తలకి ఏ మందు రాస్తే తగ్గుతుందర్రా? 'కాసేపు నడుం వాల్చు, పడవల సంగతి నేను చూసుకుంటాను' అన్నాను. అంత మనిషీ ఇసకలో నిలువునా పడుకుని గురక పెట్టింది. నేను ఫోనులో టార్చి వేసి పట్టుకుని సముద్రంలో నిలబడ్డాను."

"ఛార్జింగ్ అయిపోలేదా అత్తయ్యా?" అంది వీరదుర్గ.

"అయిపోయింది. అయిపోతే? నోరు తెరిచి నవ్వాను. నా పళ్ళ తళుకుకి పడవలన్నీ దారి పట్టుకుని వచ్చేశాయి."

"నీకు ముందు పళ్ళు లేవు కదే!" అని అరిచింది దీనమ్మ.

"అందుకే కదే వెలుగు ఆగి ఆగి వచ్చింది! లైటుహౌసు వెలుగు మరెలా వస్తుందనుకున్నావు?"

ఇంక ఎవరూ సూది పట్టుకుని లేరు. దీనమ్మ స్తంభానికి జారబడి నవ్వుతోంది. అల్లుతున్నది బుల్లెమ్మ ఒక్కతే. ఆమె కూడా ఆపి ఓసారి కళ్ళు మూసుకుంటే ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. కానీ ఆపితే ఓడిపోయినట్టే అని ఆమె లెక్క. కృపారాణి పక్కనున్న సంచిలో అంచుల దారం ఉండలు కనబడుతున్నాయి. వాటిని చూస్తుంటే బుల్లెమ్మకి మంట పుట్టింది. ఆ మంటలోంచే ఆఖరి కోత బయల్దేరింది.

"ఇవన్నీ ఓ ఎత్తు. ఇది మీకు చెప్పకూడదు, ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. ఓ రోజు పొద్దున్నే తలుపు తీశాను. ముంగిట్లో మోకాలి లోతు నీళ్ళు. వానా లేదు, వరదా లేదు. ఎవరమ్మా అంటే, 'నేనే బుల్లెమ్మా' అంది గోదావరి."

అరుగు మీద నవ్వు కాస్త తగ్గింది. గోదావరి పేరెత్తితే ఎంత కోతైనా నరసాపురం వాళ్ళు ఓ చెవి అటు పెడతారు.

"'తల పగిలిపోతోందే' అంది. 'ఎక్కడమ్మా' అన్నాను. 'ధవళేశ్వరం దగ్గర' అంది. నిజమే కదర్రా! ఈ చివర్నుంచి ఆ చివరికి అడ్డంగా ఆనకట్ట. తలకి అంత కట్టు బిగించి కడితే ఎవరికి మాత్రం నొప్పి రాదు? నాసికు నుంచి నడిచొచ్చిన మనిషి, అలిసిపోయి ఉంటుంది. ఎన్ని ఊళ్ళ గోడు వింటూ వచ్చిందో. అప్పటికప్పుడు చీర ఎగ్గట్టి ధవళేశ్వరం వెళ్ళాను. 'ఎవరమ్మా నీకీ కట్టు కట్టింది? గట్టిగా కట్టేస్తే నొప్పి పోతుందా? కట్టినంతసేపూ హాయిగా ఉన్నట్టుంటుంది, లోపలున్నది లోపలే కూర్చుంటుంది' అని కేకలేశాను. అక్కడున్న ఆఫీసరు పరుగెత్తుకొచ్చి, 'గేట్లు ఎత్తడానికి ఆర్డరు లేదండి' అన్నాడు."

"నువ్వేమన్నావు?" అంది కృపారాణి.

"ఆర్డరా! ఆడమనిషి తల పగిలిపోతుంటే నీ ఆర్డరు కోసం కూర్చుంటానా అన్నాను. బొడ్లోంచి ఇదిగో, ఈ లేసు సూదే, ఇదే, దీన్ని తీసి ఒక్కో గేటుకీ తగిలించి కుట్టు లాగినట్టు లాగాను. టకటకమని లేచిపోయాయి. ఆఫీసరు టోపీ తీసి దణ్ణం పెట్టాడు. ఓ చెయ్యి ధవళేశ్వరం వైపు, ఓ చెయ్యి విజ్జేశ్వరం వైపు వేసి రెండు కణతలూ నొక్కాను. 'రోజూ మాత్రలు మింగుతున్నావా' అని అడిగాను. 'మింగుతున్నానే' అంది. 'అదే వద్దన్నది! ఎప్పుడో ఓసారంటే సరే. రోజూ మింగితే ఆ మాత్రే తిరిగి తలనొప్పి తెస్తుంది, తగ్గకపోతే డాక్టరుకి చూపించుకోవాలి గానీ' అని చివాట్లు పెట్టాను."

బొడ్లో మాత్రల అట్ట అంచు కసుక్కున గుచ్చుకుంది. బుల్లెమ్మ సర్దుకుని కూర్చుంది.

"ఆఖర్న ఏమన్నానో తెలుసా? 'ఓసారి తలెత్తమ్మా' అన్నాను. పుట్టిన దగ్గర్నుంచీ పల్లం చూసుకుంటూ నడవడమే కదా దాని పని. ఎత్తింది. పైకి చూసింది. 'ఇదేంటే ఇంత నీలంగా ఉంది' అంది. ఆకాశమమ్మా అన్నాను. అది పైన కూడా ఉంటుందని ఆవేళే తెలిసిందట, అన్నాళ్ళూ తన కడుపులోనే ఉందనుకుందట. అంతే, నొప్పి చేత్తో తీసినట్టు పోయింది. 'నీకేం కావాలో కోరుకో బుల్లెమ్మా' అంది. నాకేం వద్దు, నా నడిమి పువ్వు నాకుంటే చాలన్నాను!"

ఆ ఆఖరి మాట ఆమె అనాలనుకున్నది కాదు. గొంతులోంచి దానంతటదే వచ్చేసింది.

కృపారాణి చెయ్యి చాపింది. "సరేనండి. గోదావరి కూడా ఒప్పుకున్నాక నేనెంత. ఏదీ, మచ్చు పువ్వు ఇలా ఇవ్వండి."

బుల్లెమ్మ ఆఖరి ముడి వేసి, దారం తెంపి, ఇచ్చింది. కృపారాణి దాన్ని అరుగు మీద పెట్టి అరచేత్తో నిమిరి, చెయ్యి తీసింది.

పువ్వు పడుకోలేదు. అంచులు ఒక్కొక్కటే పైకి లేచాయి. చూస్తుండగానే అది గిన్నెలా గుంటపడి నిలబడింది. కృపారాణి మళ్ళీ నొక్కింది. మళ్ళీ లేచింది. మధ్యలో వరసలు పొందిగ్గా, ముచ్చటగా ఉన్నాయి. బయటికొచ్చే కొద్దీ బిగుసుకుంటూ, బిగుసుకుంటూ పోయాయి. ఏ వరస లాజరుదో, ఏ వరస రైలుదో, ఏ వరస గోదావరిదో చూసి చెప్పేయొచ్చు.

దీనమ్మ తన దారం ఉండ తీసి అందులో పెట్టింది. సరిగ్గా కుదిరింది.

"అది టోపీ!" అంది బుల్లెమ్మ. "గోదావరికే. కట్టు విప్పాక తల చల్లగా ఉందంది, అల్లి పంపుతానన్నాను. నవ్వరేంటర్రా? నవ్వండి!"

ఎవరూ నవ్వలేదు. కృపారాణి చెయ్యి మెల్లిగా సంచి వైపు వెళ్ళింది. బుల్లెమ్మ ఆ చేతినే చూస్తోంది. అత్తగారి వీపు కళ్ళ ముందుకొచ్చింది.

"అంచులిచ్చావో, చెప్తున్నాను కృపారాణీ," అంది లేచి నిలబడి. లేచేసరికి తల గిర్రున తిరిగి స్తంభం పట్టుకుంది. "అంచులు నేను అల్లను. ఈ సూది గోదాట్లో పారేసి ఇంటికి పోతాను గానీ అంచులు పట్టుకోను. నాకే నొప్పీ లేదు. ఎవరన్నారు నాకు నొప్పి ఉందని?"

"నేనంటున్నాను," అంది వీరదుర్గ.

ఇన్నాళ్ళలో ఆ పిల్ల అత్తగారి మాటకి ఎదురు చెప్పడం ఎవరూ చూడలేదు. లేచి వచ్చి వెనకాల నిలబడింది.

"గోదావరి తలకట్టు విప్పొచ్చారు కదా అత్తయ్యా. మరి మీ తలకట్టు ఎందుకు విప్పలేదు?"

"తలంటు..."

"శొంఠి వాసన వీధి చివరి దాకా వస్తోంది. రోజూ గోడవైపు తిరిగి పడుకుని నోట్లో కొంగు కుక్కుకుని మూలుగుతున్నారు. గోడ అవతల నేను వింటూనే ఉన్నాను."

పంటు నిండా జనాన్ని, రైలుని, గోదావరినీ మాటలతో లొంగదీసిన మనిషి, గోడవైపు అన్న ఒక్క మాటకి ఎక్కడ నిలబడిందో అక్కడే కూర్చుంది.

కృపారాణి సంచిలోంచి చెయ్యి తీసింది. చేతిలో ఉన్నది అంచుల దారం కాదు, మంచినీళ్ళ సీసా. మూత తీసి అందించింది.

"తాగండి ముందు. పొద్దున్నుంచీ ఏమైనా తిన్నారా? దీనమ్మత్తా, ఇంత అన్నం ఉంటే పట్రా." అని బుల్లెమ్మ వైపు తిరిగింది. "చూడండి, మొహమాటం లేకుండా చెప్తున్నాను. ఈ పువ్వు నేను తీసుకోను. దుప్పటి మొదలెట్టడానికి ఇంకా వ్యవధి ఉంది. రేపు మీ కోడలితో ఆస్పత్రికి వెళ్ళి తల చూపించుకోండి, కళ్ళూ చూపించుకోండి. ఆ లాజరు మావయ్యకి చెప్పారే, ఆ వైద్యం మీరు చేసుకోండి. అది నిజమని దీనమ్మత్త కూడా ఒప్పుకుంది కదా. మళ్ళీ వచ్చినప్పుడు ఇంకో మచ్చు చూస్తాను. అది చదునుగా పడుకుంటే పువ్వు మీదే. పడుకోకపోతే..."

"పడుకోకపోతే అన్న మాట అనకు," అంది బుల్లెమ్మ. గొంతు నీరసంగానే ఉంది గానీ లొంగిన గొంతు కాదు. "పడుకుంటుంది. నేనల్లితే పడుకోక ఏంచేస్తుంది?"

దీనమ్మ దారం ఉండ తీసేసుకుంది. బుల్లెమ్మ గిన్నెలా నిలబడ్డ పువ్వుని ఒళ్ళోకి తీసుకుని, ఆఖరి ముడి గోటితో వెతికి, విప్పి, కొస పట్టుకుని లాగింది. గోదావరి వరస పోయింది. లైటుహౌసు వరస పోయింది. రైలు వరస, పెళ్ళివారి వరస సరసరమని ఊడిపోయాయి. లాజరు వరస దగ్గర ఆగింది. ఆ వరస బాగానే వచ్చింది, దాన్ని ఉంచుకుంది. ఆమె అక్కడ విప్పుతుంటే వెనక నుంచి వీరదుర్గ ఇక్కడ తువ్వాలు ముడి విప్పింది. తల చుట్టూ గాలి తగిలింది. నొప్పి పోలేదు. కాస్త పక్కకి జరిగి కూర్చుంది, అంతే. బుల్లెమ్మ బొడ్లోంచి మాత్రల అట్ట తీసి, ఎవరూ చూడట్లేదన్నట్టు, కోడలి చేతిలో పెట్టింది.

"ఇప్పుడు తలెత్తండి," అంది వీరదుర్గ.

"నాకు చెప్తున్నావా? గోదావరికే నేర్పిన దాన్ని." అంటూనే ఎత్తింది. మెడలో ఎక్కడో టక్కుమని పెద్ద చప్పుడైంది. అరుగు చూరు అవతల, కొబ్బరిమట్టల సందున ఆకాశం ఉంది. ఇంత నీలంగా ఉందని ఆవేళే చూసినట్టు బుల్లెమ్మ చాలాసేపు అటే చూసింది.

"విన్నారా? ఆ చప్పుడుకి అంతర్వేదిలో లైటుహౌసు ఉలిక్కిపడి లేచుంటుంది!"

"అంత దూరం వెళ్ళలేదత్తయ్యా," అంది వీరదుర్గ తువ్వాలు మడత పెడుతూ. "నా దాకా వచ్చింది."